ఏడాది సరుకు

"మామ్మగారూ, కందిపప్పు పురుగు పట్టకుండా ఏడాదిపాటు నిలవ ఉండాలంటే ఏం చెయ్యాలండీ?"

మా పెద్దనాన్నగారి కోడలు న్యూజెర్సీ నించి ఫోన్ చేసి అడిగిన మొదటి ప్రశ్న ఇది. 1999 అక్టోబరు నెల, ఆదివారం పొద్దున్న. ఆ రోజుల్లో అమెరికా ఫోనంటే ఇంటిల్లిపాదీ చుట్టూ మూగేవాళ్ళం. కార్డు అయిపోయేలోగా అందరూ తలా ఒక మాటా మాట్లాడాలి. అలాంటిది, క్షేమసమాచారాలైనా అడక్కుండా పప్పు సంగతి ఎత్తేసరికి మా మామ్మ రిసీవరు చెవినించి తీసి ఒకసారి దానివంక చూసింది.

"అదేమిటే, అమెరికాలో కందిపప్పుకి కరువొచ్చిందా?"

కరువు రాలేదు. వస్తుందని అందరూ అనుకుంటున్నారు. డిసెంబరు 31 అర్ధరాత్రి కంప్యూటర్లన్నీ ఒక్కసారిగా తికమకపడతాయనీ, కరెంటూ నీళ్ళూ ఆగిపోతాయనీ, బ్యాంకులు మూతబడతాయనీ, లారీలు నడవక దుకాణాల్లో సరుకు ఉండదనీ అక్కడ పేపర్లనిండా అదే గొడవట. మా వదిన ఒళ్ళో ఎనిమిది నెలల పిల్ల. ఇంట్లో ఏడాది సరుకు పెట్టుకోవాలని ఆవిడ నిశ్చయించుకుంది.

మా మామ్మ తేలిగ్గా నిట్టూర్చింది. "ఓస్, ఇంతేనా! ఇన్నాళ్ళూ ఏడాది సరుకు లేకుండానే సంసారం చేస్తున్నావుటే అమ్మాయీ?" అంది.

మరి ఆవిడ లెక్క అది. కాకినాడలో మా ఇంట్లో సామాన్ల కొట్టు అనే గది ఒకటుండేది. కిటికీ లేదు, పట్టపగలు కూడా దీపం ఉండాలి. సంక్రాంతి వెళ్ళగానే ధాన్యం, మాఘఫాల్గుణాల్లో చింతపండూ మిరపకాయలూ, ఎండలు ముదిరాక ఆవకాయ, మాగాయ, వడియాలు, అప్పడాలు. వరసగా అన్నీ ఆ గదిలోకి చేరేవి. జాడీలకి తెల్లని గుడ్డ వాసెన కట్టి, ఎవరూ మడి లేకుండా ముట్టుకోకూడదని ఆంక్ష. మడి సంగతి ఎలా ఉన్నా తడిచెయ్యి తగలకుండా ఉండేది కనక పచ్చడి బూజు పట్టేది కాదు. ఆచారాల్లో ఉపయోగం దాక్కుని ఉంటుందని వాదించడానికి నేను పూనుకోను గాని, ఈ ఒక్కదానికీ ఆ మాట నిజమే అనిపిస్తుంది.

ఫోనులో ఆవిడ చెప్పిన విధానం ఇదీ. పప్పుని నాలుగు ఎండలు బాగా ఎండనివ్వాలి. వేడి ఆరాక చేతులకి ఆముదం రాసుకుని పప్పుకంతా పట్టించాలి, మరీ జిడ్డోడకుండా. గాలి చొరని డబ్బాలో పొయ్యాలి. బియ్యంలో ఎండిన వేపాకు, నాలుగు ఎండుమిరపకాయలు.

"ఇక్కడ వేపాకు దొరకదండీ. అక్టోబర్లో ఎండ కూడా దొరకదు."

"మరి ఆముదం?"

"మందుల షాపులో చిన్నచిన్న సీసాలు ఉంటాయి."

"ఇంకేం, కొనుక్కో. ఎన్ని సీసాలని వాడడిగితే విరేచనాలని చెప్పకు, హడిలిపోతాడు."

సరే, అసలు విషయానికొస్తాను. ఇప్పటి పిల్లలకి వైటూకే అంటే ఏమిటో తెలీదు. మా అమ్మాయికి చెబితే, "అంతమంది చదువుకున్నవాళ్ళు రెండు సున్నాలకి భయపడ్డారా?" అని నవ్వింది. నవ్వవలసిన సంగతి కాదు.

కంప్యూటర్లు పుట్టిన కొత్తల్లో వాటిలో జాగా ఎంతో ఖరీదు. సమాచారమంతా రంధ్రాలు పొడిచిన అట్ట కార్డులమీద ఎక్కించేవారు. కార్డుకి 80 గడులు. మనిషి పేరూ, ఊరూ, జీతమూ, పుట్టినతేదీ అన్నీ అందులోనే ఇమడాలి. 1965 అనడానికి నాలుగు గడులు ఎందుకు దండగ, 65 అంటే సరిపోదా అనుకున్నారు. మన ఇళ్ళలో పద్దుల పుస్తకాల్లో అలా రాయమూ? పొదుపుగా ఇల్లు గడుపుకోవాలనుకున్న ఏ ఇల్లాలైనా చేసే పనే అది. కార్డులు పోయాయి, జాగా చౌకయింది, కాని అలవాటు మాత్రం పోలేదు. ఆ పాత ప్రోగ్రాములమీదే కొత్తవి కట్టుకుంటూ పోయారు. తీరా 99 తరవాత 00 వస్తే యంత్రానికి అది 2000 అని ఎలా తెలుస్తుంది? 1900 అనుకుంటే 1965లో పుట్టినవాడి వయసు ఎంతని లెక్క కడుతుంది?

ఇది మా మామ్మకి నేను అరగంట వివరించి చెప్పాను. ఆవిడ విని, "దీనికింత గొడవెందుకే? మనకి అరవయ్యేళ్ళకొకసారి ఇదే కదా!" అంది.

ఆలోచిస్తే నిజమే సుమండీ. ఆవిడ అక్షయ నామ సంవత్సరంలో పుట్టింది, అంటే 1926లో. అక్షయ మళ్ళీ 1986లో వచ్చింది. అప్పుడు నడుస్తున్నది ప్రమాథి. అక్షయ నించి ప్రమాథికి వేళ్ళమీద లెక్కపెడితే పదమూడు. కంప్యూటరైతే ఆవిడకి గౌను కుట్టించమనేది. ఆవిడ తలలో మాత్రం మొదటి అక్షయ ఏదో, రెండో అక్షయ ఏదో స్పష్టంగానే ఉంది. యంత్రానికి లేనిది అదే.

ఇంకొక తమాషా. 1998 ఉగాదినించి ఏడాదిపాటు నడిచినది బహుధాన్య. అమెరికాలో జనం గోధుమలూ బీన్సూ బస్తాలకొద్దీ పోగెయ్యడం మొదలుపెట్టింది సరిగ్గా ఆ ఏడే. తరవాతది ప్రమాథి. పేరు వింటేనే ప్రమాదం తోస్తుంది. మన పంచాంగకర్తలకి ఈ సంగతి తెలిసి ఉంటే ఎంత సంబరపడేవారో!

చెప్పినవాళ్ళు లేక కాదు. బాబ్ బీమర్ అని కంప్యూటరు రంగంలో తొలితరం పెద్ద. రెండంకెల సంవత్సరం కొంప ముంచుతుందని ఆయన 1971లోనే రాశాడు, 1979లో మళ్ళీ రాశాడు. అప్పటికి 2000 సంవత్సరం చాలా దూరంలో ఉంది. కూతురికి రెండేళ్ళప్పుడు పెళ్ళి ఖర్చుల మాటెత్తితే మగవాళ్ళు ఎలా వింటారో అలాగే విన్నారు. 1993లో పీటర్ డి జేగర్ అనే ఆయన ఒక కంప్యూటర్ పత్రికలో ప్రళయం అనే అర్థం వచ్చే శీర్షికతో వ్యాసం రాశాక గాని కదలిక రాలేదు. 1998 ఫిబ్రవరిలో క్లింటన్ దీనికోసం ఒక సంఘాన్ని వేసి జాన్ కోస్కినెన్ అనే ఆయనకి అప్పగించాడు.

ప్రభుత్వం ఏమందంటే, గట్టి మంచుతుపాను వచ్చేముందు ఎలా సర్దుకుంటారో అలా మూడురోజులకి చూసుకోండి చాలు అంది. మంచినీళ్ళు మనిషికి రోజుకొక గాలను, అంటే దాదాపు నాలుగు లీటర్లు. వంట అక్కర్లేని తిండి, టార్చిలైటు, బ్యాటరీలు, మందులు, కొంచెం రొక్కం. రెడ్‌క్రాసువాళ్ళు వారందాకా ఉంచుకోమన్నారు. జనం ఒకేసారి డబ్బు తీసుకోవడానికి బ్యాంకులమీద పడితే ఎలాగని అక్కడి రిజర్వు బ్యాంకు 5,000 కోట్ల డాలర్ల నోట్లు అదనంగా సిద్ధం చేసుకుంది.

కాని భయానికి మూడురోజుల కొలత ఎక్కడ సరిపోతుంది? మూడురోజులన్నవాళ్ళని ఎవరూ వినలేదు, మూడేళ్ళన్నవాళ్ళ పుస్తకాలు అమ్ముడుపోయాయి. ఎడ్ యోర్డన్ అని సాఫ్ట్‌వేర్ రంగంలో ఎంతో పేరున్న రచయిత. ఆయన తన కూతురు జెనిఫర్‌తో కలిసి ఈ ముప్పు గురించి ఒక పుస్తకం రాశాడు. రెండురోజులు ఇబ్బందైతే ఏం చెయ్యాలి, నెల్లాళ్ళయితే ఏం చెయ్యాలి, ఏడాదైతే, పదేళ్ళయితే అని వరసపెట్టి చెప్పుకుంటూ వెళ్ళారు. తండ్రీకూతుళ్ళు కూర్చుని మాట్లాడుకోవడానికి ఇదా విషయం అనిపిస్తుంది. కాని ఆలోచిస్తే, ఇంట్లోవాళ్ళని కూర్చోబెట్టుకుని మాట్లాడుకోవలసిన విషయమే అది.

యూటా రాష్ట్రంలో మోర్మన్లని ఒక శాఖ క్రైస్తవులున్నారు. ఏడాదికి సరిపడా తిండి ఇంట్లో ఉంచుకోవడం వాళ్ళలో ఎప్పటినించో వస్తున్న పద్ధతి. వాళ్ళకి ఎండబెట్టిన కూరలూ, పాలపొడీ, గోధుమలూ సరఫరా చేసే కంపెనీలకి 1998, 99లో దేశం నలుమూలలనించీ ఆర్డర్లు వచ్చిపడ్డాయి. అడిగిన సరుకు రావడానికి నెలలు పట్టేది. జనరేటర్లు, కట్టెపొయ్యిలు, చేత్తో తిప్పితే పలికే రేడియోలు అన్నీ గిరాకీయే. కొందరు పల్లెల్లో భూములు కొనుక్కుని వెళ్ళిపోయారు. కొందరు తుపాకులు కొన్నారు.

తుపాకులెందుకు? మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. నా ఇంట్లో సరుకుంది, పక్కింట్లో లేదు, పక్కింటివాడు వస్తే? ఈ ప్రశ్న అమెరికావాళ్ళకి కొత్త కాదు. 1961లో రష్యాతో అణుయుద్ధం వస్తుందని పెరట్లో నేలమాళిగలు కట్టుకున్నప్పుడు కూడా ఇదే చర్చ. అందులోకి దూరబోయే పొరుగువాణ్ణి కాల్చవచ్చా కూడదా అని పత్రికల్లో మతగురువులు కూడా వాదులాడుకున్నారు. 1999లో దీనికి ఎదురు తిరిగినవాళ్ళూ ఉన్నారు. కొలరాడోలో పలోమా ఒరైలీ అనే ఆవిడ కసాండ్రా పేరుతో ఒక సంఘం నడిపింది. ఇల్లిల్లూ విడిగా దాచుకోవడం కాదు, వీధివీధీ కలిసి సిద్ధం కావాలని ఆ సంఘం మాట. గ్రీకు కథల్లో కసాండ్రా అంటే భవిష్యత్తు చెప్పే రాజకుమార్తె. నిజమే చెబుతుంది, ఎవరూ నమ్మరు. అదీ ఆవిడ శాపం. పేరు ఎంత ఆలోచించి పెట్టుకున్నారో చూడండి.

మా వదినకీ ఈ సందేహమే వచ్చింది. నవంబర్లో మళ్ళీ ఫోను చేసింది. పక్క వాటాలో ఒక ముసలావిడ ఒంటరిగా ఉంటుందట. మా వదిన నీళ్ళ డబ్బాలు మోసుకెళ్ళడం చూసి, "పార్టీయా?" అని అడిగిందట. మీ దగ్గర సరుకున్నట్టు ఎవరికీ చెప్పకండని వదిన చదివిన పుస్తకంలో ఉంది. "చెప్పమంటారా, వద్దా మామ్మగారూ?"

మా మామ్మ వెంటనే జవాబు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నాకు తెలుసు. 1996 నవంబరు 6 రాత్రి మా గోదావరి జిల్లాలమీద విరుచుకుపడిన తుపాను మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. వెయ్యిమందికి పైగా పోయారు, కోనసీమ కొబ్బరితోటలు నేలమట్టమయ్యాయి. మా వీధిలో ప్రాణాలకేం కాలేదు గాని కరెంటు లేదు, కుళాయి లేదు, కొట్లు తెరవలేదు. అప్పుడు మామ్మ సామాన్ల కొట్టు తలుపులు తీసింది. వచ్చినవాళ్ళకి మొదటిరోజు తవ్వెడు బియ్యం కొలిచింది. మర్నాటికి తవ్వ కాస్తా సోల అయింది. నాలుగోరోజుకి అరసోల. కిందటేటి ఆవకాయ ధారాళంగానే పెట్టింది. కొత్తావకాయ జాడీమీద మాత్రం చీరల మూట పెట్టి కప్పేసింది. అయిదోరోజున మా చాకలి కూతురు గిన్నె పట్టుకుని వస్తే, "ఇవాళ లేవమ్మా" అంది. ఉన్నాయి. నాకు తెలుసు, ఆవిడకీ తెలుసు. నాకప్పుడు పదహారేళ్ళు. రెండురోజులు ఆవిడతో సరిగ్గా మాట్లాడలేదు. ఆరోరోజు బియ్యం లారీ వచ్చింది కనక సరిపోయింది. రాకపోతే మనవల నోటిముందు బియ్యం ఎన్నాళ్ళకొస్తాయో కొట్టులో నిలబడి లెక్కవేసింది ఆవిడ గాని నేను కాదు.

ఆ మూడేళ్ళలో ఆ మాట మా ఇద్దరి మధ్యా ఎప్పుడూ రాలేదు. ఇప్పుడు ఫోనులో, "చెప్పెయ్యి అమ్మాయీ. చెప్పి, ఆవిడ చేత కూడా నాలుగు డబ్బాల నీళ్ళు కొనిపించు. ఉన్నాయని చెప్పి లేవనడం మహా కష్టం, నీవల్ల కాదు" అంది. నావైపు చూడలేదు.

మా అన్నయ్య సంగతి చెప్పనేలేదు కదూ. ఈ ఉపద్రవాన్ని బాగుచెయ్యడానికి వెళ్ళినవాళ్ళలో వాడొకడు. అమీర్‌పేటలో ఇరుకు గదిలో పాతకాలపు కోబాల్ భాష నేర్చుకుని, మద్రాసు వెళ్ళి వీసా తెచ్చుకుని, 1997లో విమానం ఎక్కాడు. అమెరికాలో కోబాల్ తెలిసిన పాతతరంవాళ్ళు చాలామంది అప్పటికే రిటైరైపోయారు. ఇక్కడ మన పిల్లలు వేలకొద్దీ నేర్చుకుంటున్నారు. ఏడాదికి 65,000గా ఉన్న ఆ ఉద్యోగపు వీసాలని 1998లో చట్టం చేసి, తరవాతి రెండేళ్ళకీ 1,15,000కి పెంచారు. అదే ఏడు నవంబర్లో హైదరాబాదులో సైబర్ టవర్స్‌ని వాజ్‌పేయి ప్రారంభించారు. వీధికొక అమెరికా అల్లుడు తయారైన కాలం అది. కట్నాల ధరలు కూడా డాలర్ల లెక్కలోకి మారాయి. దాని గురించి రాయాలంటే ఇంకొక వ్యాసం కావాలి, నాకు కోపం కూడా వస్తుంది.

వాడి పని చెబితే మీకు నవ్వొస్తుంది. ఒక బీమా కంపెనీలో లక్షల లైన్ల ప్రోగ్రాముల్లో తేదీ ఎక్కడెక్కడుందో వెతకడం. రాసినవాడు తేదీని తేదీ అని రాయడు కదా, తన కుక్కపేరు పెట్టి ఉండవచ్చు. బియ్యంలో రాళ్ళు ఏరినట్టు రెండేళ్ళు ఏరాడు. "నువ్వే బాగుచేస్తున్నావు కదరా, మరి మీ ఆవిడ ఎందుకంత భయపడుతోంది?" అని మా అమ్మ అడిగితే, "నేను చేసినదాని సంగతి నాకు తెలుసు పిన్నీ. మిగతావాళ్ళు చేసినదాని సంగతి నాకు తెలీదు" అన్నాడు.

ఆ రాత్రి వాడికి ఆఫీసులో డ్యూటీ. పసిపిల్లతో వదిన ఒక్కతే. ఇద్దరికీ పిల్లకీ కలిపి రోజుకి 3 గాలన్ల చొప్పున 14 రోజులకి 42 గాలన్ల నీళ్ళు మంచాలకింద. స్నానాల తొట్టినిండా ఇంకా నీళ్ళు. 40 పౌన్ల కందిపప్పు, ఆముదం పట్టించినదే.

ఇక్కడ మన దేశంలో ఆ రోజు వైటూకే ఎవరికి గుర్తుంది? వారంరోజులుగా కాందహార్‌లో విమానంలో బందీలైనవాళ్ళు విడుదలై ఆ సాయంత్రమే ఢిల్లీ చేరారు. ఊళ్ళో అందరూ టీవీల ముందు కూర్చుని కళ్ళు తుడుచుకున్నారు. రెండు నెలల కిందట, అక్టోబరు 29న, ఒరిస్సాలో మహా తుపాను వేలమందిని పొట్టన పెట్టుకుంది. కరెంటూ నీళ్ళూ రోడ్లూ నిజంగా పోవడమంటే ఏమిటో మన పక్క రాష్ట్రంలో అప్పటికింకా అనుభవిస్తూనే ఉన్నారు. దానికి ఏ కంప్యూటరూ కారణం కాదు.

మనకి అర్ధరాత్రయ్యేసరికి న్యూజెర్సీలో మధ్యాహ్నం ఒంటిగంటన్నర. పన్నెండు దాటి పది నిమిషాలకి ఫోను మోగింది. మేం చీకట్లో తడుముకుంటూ తీశాం. 

"పిన్నిగారూ, అక్కడ కరెంటుందా?"

"లేదమ్మా, పోయింది."

అవతలనించి కెవ్వుమన్న కేక. పాపం, మా అమ్మ ఉన్నమాట చెప్పింది. మామ్మ రిసీవరు లాక్కుని, "పదకొండున్నరకే పోయిందే తల్లీ, రోజూ పోయేదే! మీ కంప్యూటరు కాదు, మా వీధి ట్రాన్స్‌ఫార్మరు!" అని అరవవలసి వచ్చింది.

న్యూజిలాండ్‌లో ముందు తెల్లారింది, ఏమీ కాలేదు. జపాను, మనం, యూరపు, వరసగా ఏమీ కాలేదు. అమెరికా విమానయాన శాఖాధిపతి జేన్ గార్వీ, ప్రజలకి ధైర్యం చెప్పడానికి ఆ అర్ధరాత్రి పూట కావాలనే విమానంలో ఉంది. క్షేమంగా దిగింది. ఎవరో వీడియో టేపు తిరిగివ్వడానికి వెళ్తే వందేళ్ళు ఆలస్యమైందని 91,250 డాలర్ల జరిమానా చూపించిందట యంత్రం. డెలవేర్‌లో జూదపు యంత్రాలు ఆగిపోయాయి, అందుకు ఏ ఇల్లాలూ ఏడ్చి ఉండదు. మా వదిన పక్కవాటా ముసలావిడా, పసిపిల్లా, ముగ్గురూ టీవీలో బాణాసంచా చూస్తూ నిద్రపోయారట.

మర్నాటినించీ మొదలు నవ్వులు. అంతా కంప్యూటర్ కంపెనీల మోసమన్నారు. ప్రపంచమంతా కలిసి ఈ మరమ్మతుకి 30,000 నించి 60,000 కోట్ల డాలర్లు పెట్టి ఉంటుందని అంచనా. అంత డబ్బు పోసి ఏమీ జరగకపోతే నవ్వరూ మరి? 

నాకు మాత్రం ఆ నవ్వు నచ్చలేదు. పొద్దున్నే లేచి ఇల్లు ఊడ్చి, గిన్నెలు తోమి, పాలు కాచి, నీళ్ళు పట్టి ఉంచితే సాయంత్రం ఇంటికొచ్చిన మగవాడు, "ఇవాళంతా ఏం చేశావు?" అని అడుగుతాడు చూడండి, అచ్చంగా అలాంటి ప్రశ్న అది. ఒక్కరోజు చెయ్యకపోతేనే కదా కనిపించేది!

చెయ్యనిచోట కనిపించింది కూడా. ఇంగ్లండులో షెఫీల్డ్ అనే ఊళ్ళో గర్భిణీల రక్తపరీక్షల లెక్కలు కట్టే కంప్యూటరు ఒకటుంది. పుట్టబోయే బిడ్డకి డౌన్ సిండ్రోమ్ వచ్చే అవకాశం తల్లి వయసునిబట్టి పెరుగుతుంది. 2000 జనవరి వచ్చాక ఆ యంత్రం తల్లుల వయసు తప్పుగా లెక్కకట్టింది. మే నెలదాకా ఎవరూ కనిపెట్టలేదు. ఈలోగా 150 మందికి పైగా తల్లులకి మీకు భయం లేదని తప్పు జవాబులు వెళ్ళాయి. నలుగురికి ఆ లోపంతోనే పిల్లలు పుట్టారు. ఇద్దరు నిజం ఆలస్యంగా తెలిసి గర్భస్రావం చేయించుకోవలసి వచ్చింది. ఆ ఆరుగురు తల్లులతో వైటూకే వట్టి పుకారని ఎవరైనా అనగలరా?

భయాన్ని తక్కువగా చూడటం నాకూ చేతనవును. 1979 జూలైలో స్కైలాబ్ నెత్తినపడుతుందని మన పల్లెల్లో కోళ్ళనీ మేకలనీ కోసుకు తినేశారని మా అమ్మ చెబితే చిన్నప్పుడు పొట్ట చెక్కలయ్యేలా నవ్వేదాన్ని. అది ఆస్ట్రేలియాలో పడింది, కోళ్ళు మాత్రం తిరిగిరాలేదు. చూడండి, ముప్పొస్తుందంటే ఒకరు దాచుకుంటారు, ఒకరు ఉన్నది తినేస్తారు. దాచుకోవడానికి జాగా ఉన్నవాళ్ళూ, డబ్బున్నవాళ్ళూ మొదటిరకం. 

2014 అక్టోబరు 12న విశాఖలో హుద్‌హుద్ వచ్చినప్పుడు నేనక్కడే కాపురం. నాలుగో అంతస్తు, ఫ్రిజ్‌నిండా రుబ్బిన పిండి, చేతిలో బ్యాంకు కార్డు, ఇంట్లో నూటనలభై రూపాయలు. ఏటీఎంలు లేవు, ఫోన్లు లేవు, మోటారు లేదు కనక నీళ్ళు లేవు. అప్పటికి మామ్మ లేదు. మెట్లమీద బకెట్లు మోస్తున్నప్పుడు మాత్రం ఆవిడ సామాన్ల కొట్టూ, వదిన మంచాలకింది డబ్బాలూ ఒకటే గుర్తొచ్చాయి. ఆ తరవాతైనా బుద్ధొచ్చిందా అంటే, ఇవాళ కూడా పోపులోకి ఆవాలు లేకపోతే ఫోనులో నొక్కి తెప్పించుకుంటున్నాను.

మా వదిన సరుకు ఏమైందని అడుగుతారేమో. నీళ్ళతో మొక్కలూ మనుషులూ చాలాకాలం బతికారు. క్యాను బీన్సు పేదలకిచ్చే సంస్థకి కొన్ని పంపింది. పప్పూ బియ్యమూ అలాగే ఉన్నాయి. వచ్చినవాళ్ళందరికీ అది చూపించి మా అన్నయ్య వేళాకోళం చేసేవాడు. 

రెండంకెల పని పూర్తయ్యాక రెండంకెలు దిద్దినవాళ్ళతో పనేముంది? 2001 వచ్చేసరికి అమెరికాలో కంప్యూటరు కంపెనీలు చప్పబడ్డాయి. మన పిల్లలు ఎంతమంది వెనక్కొచ్చారో మీకు తెలిసిన ఇళ్ళలోనే ఉంటారు. మా అన్నయ్యని తీసుకెళ్ళిన కంపెనీ వాణ్ణి బెంచిమీద కూర్చోబెట్టింది. మొదట సగం జీతం, తరవాత అదీ లేదు. ఈ సంగతి మాకెవరికీ చెప్పలేదు. నాలుగు నెలలు గడిచి, ఇంకొకచోట ఉద్యోగం దొరికాక ఒక ఆదివారం వదిన ఫోను చేసి అప్పుడు చెప్పింది. అద్దె మాత్రం ఉన్నదాంట్లోంచి కట్టి, మిగతాదంతా 1999 నాటి సరుకుతోనే ఈడ్చుకొచ్చిందట. పక్కవాటా ముసలావిడ వారానికి రెండుసార్లు పిల్లకి పాలూ గుడ్లూ తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్ళేదట.

మా అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మామ్మ చాలాసేపు మాట్లాడలేదు. తరవాత గొంతు సవరించుకుని, "పప్పు పురుగు పట్టిందిటే?" అని అడిగింది.

"లేదు మామ్మగారూ. ఒక్కటి కూడా లేదు."

"ఆముదం బాగా పట్టించి ఉంటావు" అంది మామ్మ, ఫోను నాకిచ్చేస్తూ.